అలారం గొంతు నొక్కకండి, కారణం వెదకండి

అర్ధరాత్రి వేళ వీధిలో ఆగివున్న కారు ఉన్నట్టుండి కూత పెడుతుంది. దాని దీపాలు వెలిగి ఆరుతుంటాయి. ఆ కూత విని మీ వీధిలో ఎంతమంది బయటికి వచ్చి చూస్తారు? మొదటిరోజు నలుగురు వస్తారు. రెండవరోజు ఎవరో ఒకరు కిటికీ తెరిచి చూస్తారు. నాలుగవరోజుకి అందరూ ముసుగుతన్ని పడుకుంటారు. వారం తిరగకముందే, "ఆ వైరు పీకి పారెయ్యండయ్యా, పీడ విరగడైపోతుంది" అని ఒకరు సలహా ఇస్తారు. కారు యజమాని మెకానిక్కును పిలిచి ఆ పనే చేయిస్తాడు.

"నాన్నా, పులి!" కథ మీకు తెలుసు. పులి రాకుండానే వచ్చిందని రెండుసార్లు అరిచిన పిల్లవాడిని, నిజంగా పులి వచ్చిన రోజున ఎవరూ నమ్మలేదు. ఊరికే కూసే కారు కూడా ఆ పిల్లవాడి లాంటిదే. అయితే ఒక తేడా వుంది. పిల్లవాడు ఆటకోసం అబద్ధమాడాడు. యంత్రానికి అబద్ధమాడటం చేతకాదు. అది కూసిందంటే దానికేదో కారణం వుండితీరాలి. ఆ కారణాన్ని వెదకకుండా వైరు పీకెయ్యటం, జ్వరం ఎక్కువ చూపిస్తోందని థర్మామీటరును పగలగొట్టటం వంటిదే అని నా అభిప్రాయం.

"మా ఇంట్లో కారే లేదు, మాకెందుకీ గొడవ?" అని మీలో కొందరు అనవచ్చు. కారు ఒకరిదే అయినా కూత వీధి మొత్తానిది గదా! పైగా తప్పు ఎక్కడుందో పట్టుకునే పద్ధతి ఒకసారి తెలిస్తే, అది బోరుబావి మోటారు స్టార్టరుకూ, ఇంట్లో మిక్సీకీ, సైకిలు దీపానికీ కూడా పనికొస్తుంది.

కనిపెట్టేవి, తేల్చేది, అరిచేది

అలారంలో మూడు రకాల భాగాలున్నాయి. కొన్ని కనిపెడతాయి. ఒకటి ఆలోచించి తేలుస్తుంది. ఇంకొకటి అరుస్తుంది. మన ఒంట్లో చెవి, మెదడు, గొంతు ఉన్నట్లన్నమాట.

కనిపెట్టే భాగాలలో అన్నిటికంటె సులువైనది తలుపు స్విచ్చి. కారు తలుపు తీయగానే లోపల పైకప్పు దీపం వెలుగుతుంది చూశారా? అలాంటి స్విచ్చే అలారానికి కూడా వార్త అందిస్తుంది. బానెట్ కింద, డిక్కీ దగ్గర కూడా ఇలాంటివి వుంటాయి.

రెండవది కుదుపును పసిగట్టేది. దీనిలో తరచుగా వాడేది పీజో పదార్థం. కొన్ని స్ఫటికాలను నొక్కితే వాటి ముఖాల మీద విద్యుదావేశం పుడుతుందని 1880లో ఫ్రాన్సులో పియరీ క్యూరీ, ఆయన అన్న జాక్ క్యూరీ కనిపెట్టారు. గ్యాసు స్టవ్వు లైటరును "టక్" మని నొక్కితే నిప్పురవ్వ వచ్చేది ఈ గుణం వల్లనే. కారును ఎవరైనా తట్టితే ఆ స్ఫటికంలో పుట్టే స్వల్ప విద్యుత్తే అలారానికి సంకేతం.

మూడవది కొన్ని కార్లలోనే వుంటుంది. అది కారు లోపలి కదలికను అతిధ్వనులతో కనిపెడుతుంది. మన చెవికి సెకనుకు దాదాపు 20 వేల కంపనాల వరకే వినిపిస్తుంది. ఈ పరికరం సుమారు 40 వేల కంపనాల ధ్వనిని పంపి, తిరిగి వచ్చే ప్రతిధ్వనిని వింటూ వుంటుంది. లోపల ఏదైనా కదిలితే ప్రతిధ్వని మారిపోతుంది. గబ్బిలం చీకట్లో ఎగిరే తీరు ఇదే గదా!

ఇక గొంతు సంగతి. సైరన్ శబ్దం దగ్గరలో 100 డెసిబెల్స్ దాటుతుంది. మన దేశంలో 2000వ సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు పరిమితి 45 డెసిబెల్స్. ప్రతి 10 డెసిబెల్స్‌కు ధ్వని తీవ్రత పది రెట్లవుతుంది. కాబట్టి 105 డెసిబెల్స్ కూత తీవ్రత, 45 డెసిబెల్స్ శబ్దం కంటె ఎన్ని రెట్లు? లెక్కవేసి చూడండి. 10 లక్షల రెట్లు!

ఈ మూడింటిలో దొంగను పట్టుకునే భాగం ఒక్కటీ లేదన్న సంగతి గమనించారా? అలారం చేయగలిగింది మనుషులను పిలవటమే. వచ్చేదీ, చూసేదీ మనుషులే. మనుషులు దాన్ని నమ్మటం మానేసిన రోజున ఎంత ఖరీదైన అలారమైనా ఉత్త డబ్బాయే.

రోజూ మాట మార్చే రిమోట్

టీవీ రిమోట్ పరారుణ కిరణాలతో పనిచేస్తుంది. అందుకే దాన్ని టీవీ వైపు చూపించాలి. కారు రిమోట్ అట్లా కాదు. జేబులో వుంచి నొక్కినా పనిచేస్తుంది. ఎందుకంటే అది పంపేవి రేడియో తరంగాలు. మన దేశంలో చాలా కార్ల రిమోట్లు సెకనుకు 43 కోట్ల 39 లక్షల కంపనాలు గల తరంగాలను వాడతాయి. కాంతి వేగం సెకనుకు 30 కోట్ల మీటర్లు. వేగాన్ని కంపనాల సంఖ్యతో భాగిస్తే తరంగదైర్ఘ్యం వస్తుందని మీరు చదువుకున్నారు. భాగించి చూడండి, దాదాపు 69 సెంటీమీటర్లు వస్తుంది.

రిమోట్ పంపేది ఒక రహస్య సంఖ్య. తొలి రోజుల రిమోట్లలో ఆ సంఖ్య ఎప్పటికీ ఒకటే. అందులో పన్నెండు చిన్న స్విచ్చులుంటే మొత్తం సంఖ్యలు 4096. సెకనుకు రెండు చొప్పున ప్రయత్నిస్తే దొంగకు 34 నిమిషాలలో అన్నీ అయిపోతాయి! అంత శ్రమ కూడా అక్కరలేదు. యజమాని నొక్కినప్పుడు ఆ సంకేతాన్ని రికార్డు చేసుకుని తరువాత మళ్లీ వినిపిస్తే చాలు.

దీనికి విరుగుడుగా ప్రతిసారీ సంఖ్య మారే పద్ధతి వచ్చింది. వీటిలో పేరుపొందిన కీలోక్ అనే పద్ధతి 1980 దశకంలో దక్షిణాఫ్రికాలో తయారయింది. రిమోట్‌లో ఒక లెక్క వుంటుంది, కారులో ఒక లెక్క వుంటుంది. బటను నొక్కిన ప్రతిసారీ రిమోట్ తన లెక్కను ఒకటి పెంచి, దాన్ని రహస్య భాషలోకి మార్చి పంపుతుంది. కారు దాన్ని విప్పి చూసి, తన లెక్క కంటె ముందున్నదైతేనే ఒప్పుకుంటుంది. నిన్నటి సంఖ్యను ఇవాళ వినిపిస్తే లాభం లేదు.

మరి చిన్నపిల్లలు ఇంట్లో రిమోట్‌తో ఆడుకుంటూ ఇరవైసార్లు నొక్కారనుకోండి. కారు దూరంగా వుంది కాబట్టి వినలేదు. రిమోట్ లెక్క 520కి పోయింది, కారు లెక్క 500 దగ్గరే ఆగింది. ఇప్పుడేమవుతుంది? కీలోక్ వాడే పరికరాలలో మామూలుగా 16 సంఖ్యల తేడా వరకు కారు వెంటనే తలుపు తీస్తుంది. అంతకు మించితే అనుమానించి, వెంటవెంటనే రెండు సరైన సంఖ్యలు వస్తేనే నమ్ముతుంది. "మొదటిసారి నొక్కితే పలకలేదు, రెండోసారికి పలికింది" అని పెద్దవాళ్లు అనుకోవటం మీరు వినే వుంటారు. అది ఒక్కోసారి రిమోట్ జబ్బు కాదు, కారు జాగ్రత్త!

అయితే మనిషి చేసిన ఏ తాళమూ శాశ్వతం కాదు. 2008లో జర్మనీలోని బోహుం విశ్వవిద్యాలయ పరిశోధకులు, కీలోక్ చిప్పు పనిచేస్తున్నప్పుడు వాడే విద్యుత్తులోని హెచ్చుతగ్గులను కొలిచి, దాని రహస్యాన్ని బయటపెట్టారు. తరువాత తయారీదారులు ఇంకా గట్టి పద్ధతులకు మారుతూ వచ్చారు.

రిమోట్ పలకనప్పుడు

బటను నొక్కినా కారు పలకకపోతే మనలో చాలామంది చేసేపని ఏమిటి? ఇంకా గట్టిగా నొక్కటం! లేదా అరచేతిలో వేసి కొట్టటం. దానివల్ల తెలిసేదేమీ వుండదు. అడగవలసిన ప్రశ్నలు వేరు.

మొదటి ప్రశ్న: ఎంత దూరంలో పలుకుతోంది? నిన్నటిదాకా ఇరవై అడుగుల నుంచి పలికినది ఇవాళ తలుపు దగ్గరికి పోతేగాని పలకకపోతే, ముందుగా అనుమానించవలసింది రిమోట్‌లోని సెల్. అది రూపాయి బిళ్లలా గుండ్రంగా వుంటుంది. చాలా రిమోట్లలో అది 3 వోల్టుల సెల్. ఇక్కడ ఒక మెలిక వుంది. ఊరికే మీటరు పెట్టి చూస్తే నీరసించిన సెల్ కూడా 3 వోల్టులకు దగ్గరగా చూపించవచ్చు. పని చెప్పినప్పుడే దాని నీరసం బయటపడుతుంది. కాబట్టి వీలైతే బటను నొక్కివుంచి కొలవాలి. లేదా కొత్త సెల్ వేసి చూడాలి. వేసేటప్పుడు కూడిక గుర్తు ఎటు వుండాలో గమనించండి.

రెండవ ప్రశ్న: ఇంట్లో రెండవ రిమోట్ వుందా? వుంటే దానితో నొక్కండి. అది పనిచేస్తే తప్పు మొదటి రిమోట్‌లోనే వుంది. రెండూ పనిచెయ్యకపోతే రిమోట్లను వదిలి కారును చూడాలి. ఒక్క ప్రశ్నతో వెదకవలసిన చోటు సగానికి తగ్గిపోయింది. తెలివైన మెకానిక్కు రహస్యం ఇంతే.

మూడవ ప్రశ్న: ఈ ఒక్కచోటే పలకటంలేదా? అదే కంపనాల దగ్గర పనిచేసే చిన్న చిన్న రేడియో పరికరాలు ఇంకా ఎన్నో వున్నాయి. వాటిలో ఏదైనా చెడిపోయి ఆగకుండా కూస్తుంటే, దాని పక్కన రిమోట్ గొంతు వినిపించదు. సంతలో గుసగుసలాడినట్లే! రిమోట్‌ను కారుకు బాగా దగ్గరగా తెచ్చి నొక్కి చూడాలి. కారును ఇంకొకచోటికి తీసుకుపోతే పలికితే, తప్పు కారుదీ కాదు, రిమోట్‌దీ కాదు.

రిమోట్ పూర్తిగా చచ్చిపోయినా దారి మూసుకుపోదు. చాలా రిమోట్లలో మామూలు తాళంచెవి కూడా దాగివుంటుంది. దానితో తలుపు తీస్తే కొన్ని కార్లు కూత పెడతాయి. కంగారుపడవద్దు. తాళంచెవిని స్టీరింగు దగ్గర పెట్టి తిప్పితే మామూలుగా ఊరుకుంటాయి. ఎందుకంటే తాళంచెవి పిడిలో ఇంకొక చిన్న చిప్పు వుంటుంది. దానికి సెల్ అక్కరలేదు. కారులోని తీగచుట్ట నుంచి వచ్చే అయస్కాంత క్షేత్రమే దానిలో విద్యుత్తు పుట్టిస్తుంది. 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టిన విద్యుదయస్కాంత ప్రేరణే ఇది. బటను నొక్కి ఇంజను స్టార్టు చేసే కార్లలో కూడా, సెల్ అయిపోతే రిమోట్‌ను ఆ బటనుకు గాని, కారు పుస్తకంలో చూపిన చోట గాని ఆనించి స్టార్టు చెయ్యవచ్చు.

ఒక హెచ్చరిక. తీసేసిన పాత సెల్‌ను ఎక్కడపడితే అక్కడ పెట్టకండి. రిమోట్‌కు పనికిరాని సెల్‌లో కూడా కొంత విద్యుత్తు మిగిలి వుంటుంది. పసిపిల్లలు దాన్ని మింగితే అది గొంతులో ఇరుక్కుని రెండు గంటలలోపే అన్నవాహికను కాల్చివేయగలదు. అట్లా జరిగిందని అనుమానం వస్తే చాలు, తెల్లవారేదాకా చూద్దామనకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ఊరికే కూసినప్పుడు

అసలు చిక్కు ఇక్కడే వుంది. కూతకు ప్రతి ఒక్కరూ ఒక కారణం చెబుతారు. గాలి అంటారొకరు. కోతులు అంటారింకొకరు. టమోటా లారీ పోయినప్పుడు నేల అదిరిందంటారు మరొకరు. మదనపల్లె టమోటా మార్కెట్టుకు పోయే లారీలు తిరిగే దారిలో అది నిజమూ కావచ్చు. ఇవన్నీ ఊహలు. ఊహ తప్పుకాదు, విజ్ఞానశాస్త్రం ఊహతోనే మొదలవుతుంది. కాని ఊహను పరీక్షించకుండా నమ్మితేనే తప్పు.

ఒక ఉదాహరణ అనుకుందాం. పెద్దమండ్యంలో ఒక ఇంటిముందు కారు ఆగివుంది. యజమాని కువైట్‌లో పని చేస్తాడు. ఈ ప్రాంతంనుంచి గల్ఫ్ దేశాలకు పోయిన కుటుంబాలు మీకు తెలిసే వుంటాయి. కారు పది రోజులుగా కదలలేదు. చలికాలం. వారంలో నాలుగుసార్లు కూసింది. "పిల్లి బానెట్ మీదికి దూకుతోంది" అని వీధిలో అందరూ తేల్చేశారు.

ఆ ఇంటి అమ్మాయి తొమ్మిదవ తరగతి చదువుతోంది. ఆమె ఒక నోటుపుస్తకం తీసి నాలుగు గడులు గీసింది: తేదీ, గంట, గాలి వాన, పక్కన ఏం జరిగింది. నాలుగు కూతలూ తెల్లవారుజామున మూడు, ఐదు గంటల మధ్యనే వచ్చాయి. గాలి బాగా వీచిన సాయంత్రం ఒక్కసారీ కూయలేదు. కాబట్టి గాలి కాదు. ఇక పిల్లి. పిల్లి బానెట్ ఎక్కేది వెచ్చదనం కోసం. పది రోజులుగా ఇంజను నడవని కారుకు వెచ్చదనం ఎక్కడిది? అయినా ఆమె ఊరికే కొట్టిపారెయ్యలేదు. పడుకునేముందు బానెట్ మీద పలుచగా బియ్యప్పిండి చల్లింది. ముగ్గుపిండి చల్లితే రంగు గీరుకుపోతుంది. తెల్లవారుజామున కారు కూసింది. పిండి మీద అడుగు గుర్తు ఒక్కటీ లేదు!

అప్పుడామె మామయ్య మీటరు తెచ్చి కారు బ్యాటరీ కొలిచాడు: 11.9 వోల్టులు. ఇంజను ఆపివున్నప్పుడు నిండుగా వున్న బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపాలి. 12.2కు సగమైనట్లు. 12కు దిగువన దాదాపు ఖాళీ అయినట్లే. చలికి బ్యాటరీ ఇంకొంచెం కుంగుతుంది. అందుకే తెల్లవారుజామున! కొన్ని సైరన్లలో సొంత చిన్న బ్యాటరీ వుంటుంది. పెద్ద బ్యాటరీ వోల్టేజి పడిపోతే, దొంగ వైరు కోశాడనుకుని అది కూత మొదలుపెడుతుంది. బ్యాటరీకి ఛార్జి పెట్టించారు. వారంపాటు కూత లేదు. పిల్లి నిర్దోషి అని తేలింది.

కారు నడవకుండానే బ్యాటరీ ఎట్లా ఖాళీ అయింది? అలారం, దానితోపాటు కొన్ని చిన్న పరికరాలు నిద్రపోకుండా కొద్ది కరెంటు తాగుతూనే వుంటాయి. అది 20 మిల్లీ ఆంపియర్లనుకుందాం. నెలకు 0.02 × 24 × 30 = 14.4 ఆంపియర్ గంటలు. చిన్న కారు బ్యాటరీ 35 ఆంపియర్ గంటలదైతే, నెలలో ఐదింట రెండు వంతులు పోయినట్లే. మొదటే సగం ఛార్జితో వున్న బ్యాటరీ అయితే చెప్పేదేముంది?

కారు కారుకూ కారణం వేరు కావచ్చు. అద్దం ఒక వేలు సందు వదిలితే లోపల గాలి కదిలి అతిధ్వని పరికరం మోసపోతుంది. వానకు తడిసి, తుప్పుపట్టిన బానెట్ స్విచ్చి తెరుచుకున్నట్లు అబద్ధపు వార్త పంపుతుంది. కుదుపును పసిగట్టే పరికరం మరీ చురుకుగా వుంటే ఉరుముకు కూడా ఉలిక్కిపడుతుంది. దాని చురుకుదనం తగ్గించే ఏర్పాటు చాలావాటిలో వుంటుంది. ఏది చేసినా ఒక నియమం పాటించండి: ఒకసారికి ఒక్క మార్పే. అద్దం మూసి, స్విచ్చి తుడిచి, మర తిప్పి, అన్నీ ఒకేరోజు చేస్తే కూత ఆగవచ్చు. కాని ఎందుకు ఆగిందో ఎప్పటికీ తెలియదు. మళ్లీ మొదలైతే మళ్లీ చీకట్లో తడుములాటే.

బ్యాటరీ దగ్గర మాత్రం పెద్దవాళ్లు లేకుండా చెయ్యి పెట్టకండి. అందులో గంధకామ్లం వుంటుంది. ఛార్జి అయ్యేటప్పుడు మండే స్వభావంగల హైడ్రోజన్ వాయువు వస్తుంది. మీ పని గమనించటం, రాయటం, ఆలోచించటం. వైర్లు విప్పే పని మెకానిక్కుది. మీ నోటుపుస్తకం చూపించండి, అతని పని సగం తగ్గుతుంది.

పీకేస్తే ఏం పోతుంది?

"ఇంత గొడవ దేనికి? దొంగ ఇంజను స్టార్టు చెయ్యకుండా చిప్పు వుండనే వుంది, సైరన్ తీసేస్తే ఊరికి నిద్ర" అనే వాదం ఒకటుంది. దీనిలో కొంత న్యాయం లేకపోలేదు. అర్థంలేని కూత వల్ల నష్టపోయేది రోగులూ, పసిబిడ్డలూ, పరీక్షలకు చదువుకునేవాళ్లూ. అమెరికాలోని న్యూయార్కు నగరంలో కారు అలారం మూడు నిమిషాలలోపు తనంతట తాను ఆగిపోవాలని చట్టమే వుంది. మన దగ్గర కూడా ఊరికే కూసే కారును బాగుచేయించకుండా వదిలేసే యజమానిని ఇరుగుపొరుగు గట్టిగా అడగాలని నేనంటాను.

కాని కారు కూతను పట్టించుకోని అలవాటు ఊరికి పడితే పోయేది కారొక్కటే కాదు. 2025 మే నెలలో విజయనగరం జిల్లా ద్వారపూడిలో, ఆగివున్న కారులోకి ఆటకని ఎక్కిన నలుగురు చిన్నపిల్లలు బయటికి రాలేక, ఊపిరాడక చనిపోయారు. ఎండలో నిలిపిన కారు లోపల ఒక గంటలోనే వేడి బయటికంటె 20 డిగ్రీలకు పైగా పెరగగలదు. అట్లా చిక్కుకున్న బిడ్డకు మిగిలే ఆయుధం శబ్దమే. హారను మోత, అద్దం మీద కొట్టిన చప్పుడు, లోపలి కదలికకు మోగే అలారం. "ఆ, ఆ కారు ఎప్పుడూ ఇంతే" అనుకునే వీధిలో ఆ శబ్దాన్ని ఎవరు వింటారు?

కాబట్టి మీ తమ్ముళ్లకూ, చెల్లెళ్లకూ ఈ సంగతులు నేర్పండి. ఆగివున్న కారు ఆటస్థలం కాదు. ఎప్పుడైనా లోపల చిక్కుకుంటే ముందు సీటులోకి రావాలి. పిల్లలు తెరవకుండా వేసే తాళం వెనక తలుపులకే వుంటుంది. ముందు తలుపు పిడి లాగి చూడాలి, రాకపోతే హారను నొక్కుతూనే వుండాలి. చాలా కార్లలో తాళంచెవి లేకపోయినా హారను మోగుతుంది. మీ ఇంటి కారులో మోగుతుందో లేదో ఇవాళే పెద్దవాళ్ల ఎదుట పరీక్షించండి. పెద్దవాళ్లు కూడా ఇంటిముందు ఆపిన కారుకు తాళం వెయ్యకుండా వదలకూడదు, రిమోట్‌ను పిల్లలకు ఆటవస్తువుగా ఇవ్వకూడదు.

ఇకమీదట మీ వీధిలో కారు కూసినప్పుడు దుప్పటి కప్పుకోకండి. పెద్దవాళ్లలో ఒకరిని వెంటబెట్టుకుని వెళ్లి అద్దంలోంచి లోపలికి చూడండి. ఎవరూ లేకపోతే తేదీ, గంట, గాలి, వాన నోటుపుస్తకంలో రాయండి. నాలుగు కూతలు రాసేసరికి కారణం దానంతట అదే తొంగిచూడటం మొదలుపెడుతుంది. ఆ కాగితం తీసుకుపోయి కారు యజమానికి ఇవ్వండి. వైరు పీకమని కాదు, బాగుచేయించమని అడగండి.